పరిగె యేరుట దొంగతనమా?

గత సంవత్సరము చలికాలమున నొకనాటి సాయంకాలము నేనును, మా పదవ తరగతి విద్యార్థులు కొందఱును మొయినాబాద్‌లో బస్సునకై వేచియుంటిమి. రహదారి ప్రక్కనున్న యొక దుకాణము వెనుక, చెత్తకుండీ యొద్ద, ఒక స్త్రీ నిలిచియుండెను. ఆమె ప్రక్కన ఏడెనిమిదేండ్ల బాలుడొకడు. గడువు తేదీ దాటిన రొట్టెల పొట్లములను దుకాణపు పనివాడు అప్పుడే యా కుండీలో పడవైచి లోనికి పోయెను. ఆమె రెండు పొట్లములు తీసి కొంగున దాచుకొనుచుండగా కావలివాడు పరుగున వచ్చి, ఆమె చేయి పట్టుకొని, "దొంగ" యని కేకవేసెను. నలుగురు గుమికూడిరి. ఆమె యేడ్వలేదు, వాదింపలేదు. నావంక చూచి, "పారేసిందే కద సారూ" అని మాత్రమనెను. నేను నోరు తెఱచులోపలనే కావలివాడు పొట్లములను లాగికొని, విప్పి, మరల కుండీలోనే వైచి, వానిపై ఫినాయిలు పోసెను. అంతలో బస్సు వచ్చెను. మేమెక్కితిమి.

బస్సులో విద్యార్థులు వాదులాడుకొనిరి. "అడుగక తీసికొనుట దొంగతనమని మీరే చెప్పియున్నారు గదా" యని యొకడు నన్ను నిలదీసెను. "అడుగుటకు దానికి యజమాని యెవడు? వాడే వద్దని విసరివేసెను గదా" యని మఱియొకడు బదులు చెప్పెను. మఱుసటి వారము పాఠశాల చర్చాసభలో ఇదియే విషయమయ్యెను. దుకాణముల చెత్తకుండీలలోని తినుబండారములను తీసికొనుట నేరముగా నెంచవలెనా? వాదములు ముగిసిన పిమ్మట చేతులెత్తించి లెక్కింపగా, నేరమేయనువారు అధిక సంఖ్యాకులైరి. నేను బస్సులోను మాటాడలేదు, సభలోను మాటాడలేదు. ఆ లోపమును ఈ పుటలలో పూరింప దలచితిని. నా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాను. పారవేసిన యాహారమును ఆకలిగొన్నవాడు తీసికొనుట నేరము కాదు, కాగూడదు. అయితే మన పని యంతటితో తీరిపోదు.

మన గ్రామములందు "పరిగె" యను మాట నెఱుగనివారుండరు. వరికోత ముగిసి, కుప్పలు కళ్లమునకు చేరిన పిమ్మట, పొలమున రాలిన వెన్నులను బీదలు, ముసలివారు, పిల్లలు ఏరుకొనుదురు. అదియే పరిగె. ఏరుకొనువానిని దొంగయని యే రైతును అనడు. కోతకు ముందు చేనిలోనికి పోయి యొక్క వెన్ను త్రుంచినను తగవు పుట్టును. కోత ముగిసిన పిదప ఒడినిండ నేరుకొనినను ఎవడును ప్రశ్నింపడు. చేను అదియే, గింజయు నదియే. మధ్య జరిగినదేమి? యజమాని తనకు వలసినది తీసికొని మరలిపోయెను. ఆ మరలిపోవుటయే మిగిలినదానిపై పేదవానికి దారి తెఱచుచున్నది. ఈ సూక్ష్మమును గ్రహించుటకు మన పెద్దలకు న్యాయశాస్త్రము చదువవలసిన యవసరము లేకపోయెను.

మన పాఠశాలలో చదువబడు వేదగ్రంథమున నీ ధర్మము మఱింత స్పష్టముగ నున్నది. పొలము కోయునపుడు అంచులవఱకు కోయరాదనియు, రాలిన పరిగెను ఏరుకొనరాదనియు, వానిని బీదలకును పరదేశులకును విడువవలెననియు మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. రూతు అను మోయాబు స్త్రీ బేత్లెహేములో బోయజు పొలమున పరిగె యేరుకొని తన యత్తను పోషించెను. ఆ కథలో నాకు ముఖ్యముగ తోచునది బోయజు దాతృత్వము కాదు, అతడు పనివారికిచ్చిన యాజ్ఞ. ఆమె యేరుకొనునపుడు గద్దింపరాదని, అవమానింపరాదని, కావలెననియే కొన్ని పిడికెళ్లు ఆమెకై విడువుడని చెప్పెను. మన రహదారి ప్రక్కని దుకాణమున జరిగినది దీనికి పూర్తిగ విరుద్ధము. అక్కడ గద్దింపు జరిగెను, అవమానము జరిగెను, కావలెననియే ఫినాయిలు పోయబడెను.

ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి యను విద్వాంసుని వృత్తాంతమున్నది. కురుదేశమున పైరులు నాశనమైన కాలమున నతడు ఆకలిచే దీనుడై, ఉడికించిన గింజలు తినుచున్న యొకని యాచించెను. తన యెదుటనున్న యెంగిలి తప్ప వేఱు లేదని అతడు చెప్పగా, దానినే యిమ్మని తీసికొని తినెను. పిమ్మట అతడు తన యెంగిలి నీటిని కూడ నీయబోగా ఉషస్తి వలదనెను. ఆ గింజలు తినకున్న తాను బ్రదుకనని, నీరు మాత్రము ఎక్కడనైనను దొరకునని ఆయన సమాధానము. ఆకలిగొన్నవానికి హద్దు తెలియదని మనము తలచుచుందుము. ఉషస్తి హద్దును తానే గీచికొనెను. చెత్తకుండీ యొద్దకు పోవు బీదవాడును అట్లే గీచికొనుచున్నాడు. దుకాణపు అరలోనున్న రొట్టెను ముట్టక, కుండీలోని రొట్టెకు చేయి చాచువాడు, పరుని సొత్తునకును, ఎవ్వరికిని వలదన్న దానికిని గల భేదమును మన సభలోని అధికసంఖ్యాకులకంటె బాగుగ నెఱిగినవాడు.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1860 నాటి శిక్షాస్మృతికి బదులుగా మన దేశమున భారతీయ న్యాయసంహిత 2024 జూలై 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. అందలి 303వ విభాగము దొంగతనమును నిర్వచించుచున్నది. ఒక చరవస్తువు మఱియొకని స్వాధీనమున నుండవలెను. అతని సమ్మతి లేకుండ దానిని కదలింపవలెను. అట్లు చేయుటలో దుర్బుద్ధి యుండవలెను. పాత శిక్షాస్మృతి నుండి వచ్చుచున్న దృష్టాంతమొకటి యున్నది. రాజమార్గమున నెవ్వని స్వాధీనమునను లేక పడియున్న యుంగరమును తీసికొనినవాడు దొంగతనము చేసినవాడు కాడు. అయితే దానిని తన సొంతమునకు వాడుకొనినచో వేఱొక నేరమునకు పాత్రుడు కావచ్చును. ఏలయనగా ఉంగరము పోగొట్టుకొనినవాడు దానికై వెదకుచుండును. రొట్టెను కుండీలో వేసినవాడు దానికై వెదకుచున్నాడా? పోగొట్టుకొనుట వేఱు, పారవేయుట వేఱు.

న్యాయవాదులు ఇక్కడ నొక చిక్కు చూపుదురు. వీథిలోని కుండీ వేఱు, దుకాణపు ప్రహరీలోపలి కుండీ వేఱు. లోపలిది యింకను యజమాని స్వాధీనముననే యున్నదని వారి వాదము. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాని అదే సంహితలోని 33వ విభాగమును కూడ చదువవలెను. సామాన్య వివేకమును, సామాన్య స్వభావమును గల మనుష్యుడు ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరము కాదని అది చెప్పుచున్నది. తాను ఫినాయిలు పోసి పాడుచేయనున్న రొట్టె పోయినదని ఫిర్యాదు చేయువాడు సామాన్య వివేకము గలవాడేనా? అయిదువేల రూపాయలకు లోబడిన మొదటి దొంగతనమున సొత్తునో, దాని విలువనో తిరిగి యిచ్చినచో సమాజసేవయే శిక్షయని 303వ విభాగము సడలింపు నిచ్చినది. ఇది మేలైన మార్పే. కాని శిక్ష తేలికయైనను "దొంగ" యను ముద్ర తేలిక కాదు. పని వెదకుకొను బీదవానికి ఆ ముద్ర జీవితాంతము బరువే. కావున స్పష్టముగ పారవేసిన యాహారమును తీసికొనుట నేరము కాదని చట్టమే యొక వాక్యమున చెప్పుట మంచిదని నా తలంపు.

పాతకాగితములను, ప్లాస్టిక్ సీసాలను కుండీలనుండి యేరుకొనువారిని 2016 నాటి ఘనవ్యర్థముల నిర్వహణ నియమములు గుర్తించినవి. వారిని చెత్త సేకరణ వ్యవస్థలో చేర్చుకొనవలెనని స్థానిక సంస్థలను ఆదేశించినవి. అమ్ముకొనుటకై సీసా తీసిన చేయి గౌరవనీయమును, తినుటకై రొట్టె తీసిన చేయి దొంగదియు నెట్లగును?

సభలో వెలువడిన ఆక్షేపణలకు ఇప్పుడు జవాబు చెప్పవలెను. మొదటిది ఆరోగ్యమును గూర్చినది. చెడిన యాహారము తిని యెవడైన జబ్బుపడినచో దుకాణదారుపై నింద వచ్చునని యొక విద్యార్థిని చెప్పెను. ఈ భయము నిజమైనదే. అందుకు మందు శిక్ష కాదు. శిక్షకు వెఱచి సూక్ష్మజీవులు పాఱిపోవు. ఆహారము చెడకమునుపే వేఱుచేసి యిచ్చివేయుటయే మందు. పొట్లముపై "ఈ తేదీలోపల శ్రేష్ఠము" అని యుండుట యొకటి, "ఈ తేదీలోపల వాడవలెను" అని యుండుట వేఱొకటి. మొదటిది రుచికిని నాణ్యతకును సంబంధించినది, రెండవది క్షేమమునకు సంబంధించినది. ఈ భేదము తెలియక మన యిండ్లలోనే యెంత మంచి వస్తువు చెత్తపాలగుచున్నదో తల్లిదండ్రులు గమనింతురుగాక.

రెండవ ఆక్షేపణ, నేడు కుండీలో చేయిపెట్టినవాడు రేపు అరలో చేయిపెట్టుననునది. పరిగె యేరినవారందఱును మఱుసటి యేడు కుప్పలు దొంగిలించిరా? మూడవది, చెత్త చిందఱవందఱ యగుననియు, గోడలు దూకుదురనియు, తాళములు పగులగొట్టుదురనియు. ఇందు నేనును ఏకీభవించుచున్నాను. గోడ దూకుట, తాళము విఱుచుట, వీథిని మలినపఱచుట తప్పులే. వానికి వేఱు విభాగములున్నవి. ఆ తప్పులకు ఆ శిక్షలే చాలును. తాళము విఱిచిన దోషమును రొట్టెపై మోపరాదు.

ఈ ప్రశ్న మన యొక్కరిది కాదు. జర్మనీలో 2018లో మ్యూనిక్ సమీపమున ఇద్దఱు విద్యార్థినులు ఒక దుకాణపు తాళము వేసిన కుండీని తెఱచి తినుబండారములు తీసిరి. మఱుసటి యేట న్యాయస్థానము వారిని దొంగతనమునకు దోషులని నిర్ణయించి, జరిమానాను నిలిపియుంచి, బీదలకు ఆహారము పంచు సంస్థలో ఎనిమిది గంటలు పనిచేయుడని విధించెను. 2020లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేయుటకు నిరాకరించెను. విచిత్రము చూడుడు: ఆహారమును వృథా కానీయని దోషమునకు శిక్షగా, ఆహారమును వృథా కానీయని పనియే విధింపబడెను! ఇటలీ దేశపు అత్యున్నత న్యాయస్థానము 2016లో మఱింత ముందునకు పోయెను. ఆకలిచే దుకాణమునుండి నాలుగు యూరోల విలువగల జున్నును, మాంసమును తీసికొనిన యొక యిల్లులేని వానిది నేరము కాదని నిర్ణయించెను. ఫ్రాన్సు దేశము అదే సంవత్సరమున, శిక్షను మఱియొక దిక్కునకు త్రిప్పెను. నాలుగువందల చదరపు మీటర్లకు మించిన దుకాణములు తినదగిన సరకును కావలెనని పాడుచేయరాదని, ధర్మసంస్థల కిచ్చుటకు ఒప్పందము చేసికొనవలెనని శాసనము చేసినది. ఆ దేశమునందైనచో మన మొయినాబాద్ కథలో తప్పు చేసినది స్త్రీ కాదు, ఫినాయిలు సీసా.

పేదఱికమును నేరముగ నెంచు బుద్ధి మన చెంతనే యున్నది. 2017 నవంబరులో భాగ్యనగరమున అంతర్జాతీయ పారిశ్రామికుల సదస్సు జరుగనుండగా, రెండు నెలలపాటు వీథులలో భిక్షాటనమును నిషేధించిరి. భిక్షుకులను పట్టుకొని చెర్లపల్లి, చంచల్‌గూడ కారాగారముల ప్రాంగణములలోని ఆశ్రమములకు తరలించిరి. అతిథుల కన్నులకు ఆకలి కనబడకుండ చేసిరి కాని, దానిచే ఆకలి తగ్గలేదు. మఱుసటి సంవత్సరము ఆగస్టులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము, ఆ నగరమున భిక్షాటనమును నేరముగ జేసిన చట్టములోని ముఖ్య విభాగములను కొట్టివేసెను. 2021 జూలైలో సర్వోన్నత న్యాయస్థానమును, ప్రత్యామ్నాయము లేకయే జనులు వీథికెక్కుచున్నారని తలచి, భిక్షాటన నిషేధమునకు అంగీకరింపలేదు.

"దొంగ" యను మాట ఎంతవఱకు పోగలదో చెప్పుటకు నొక్క యుదాహరణ చాలును. 2018 ఫిబ్రవరిలో కేరళ రాష్ట్రమున అట్టపాడిలో నొక గిరిజన యువకుడు బియ్యము మొదలగు తినుబండారములు దొంగిలించెనని జనులు గుంపుగా పట్టుకొని, చేతులు కట్టి కొట్టిరి. అతడు మరణించెను. 2023 ఏప్రిలులో న్యాయస్థానము పదునలుగురిని దోషులని తేల్చెను. ఆ గుంపులో మొదట కేకవేసినవాడు తాను హత్యకు తలపడుచున్నానని యనుకొనియుండడు. మొయినాబాద్‌లో కావలివాడు కేకవేసినపుడు నలుగురు గుమికూడిరని వ్రాసితిని. ఆ నలుగురు నలువదియైనచో నేమగునోయని నే డాలోచించి వణకుచున్నాను.

ఇక మన ప్రాంతమును చూతము. మఱ్ఱిచెట్ల నీడలకు పేరొందిన ఈ రహదారిపై చేవెళ్ల నుండి కూరగాయలును పూలును నగరమునకు పోవుచుండును. నగరము నుండి పెండ్లివారును, విహారము గోరువారును మొయినాబాద్ చుట్టుపట్ల నున్న ఫంక్షన్ హాళ్లకు, రిసార్టులకు వచ్చుచుందురు. రెండు చోట్లను ఆహారము వ్యర్థమగుచున్నది, కాని కారణములు వేఱు. ధర పడిపోయి, కోతకూలియు, బండి బాడుగయు రానపుడు రైతు టమాటలను చేనిలోనే విడిచివేయును, లేక మార్కెటు వాకిట గ్రుమ్మరించును. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటిన టమాట, కొలది వారములలోనే కొనువాడు లేక రోడ్డుపాలయ్యెను. అది రైతు కన్నీరు, దానిని తప్పుపట్టరాదు. ఫంక్షన్ హాలు వెనుక గుట్టపడు బిర్యానీ మాత్రము కన్నీటిచే కాదు, గొప్పకొఱకు పారవేయబడుచున్నది. పెండ్లిలో వంటకముల సంఖ్య తగ్గినచో పరువు పోవునను భయమే దానికి మూలము.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగము 2024లో వెలువరించిన నివేదిక ప్రకారము, 2022లో ప్రపంచమున నూటయైదు కోట్ల టన్నుల యాహారము వృథా అయ్యెను. దుకాణముల వంతు నూటికి పండ్రెండు పాళ్లే. హోటళ్లు మొదలగువాని వంతు ఇరువదియెనిమిది. మిగిలిన అఱువది పాళ్లు ఇండ్లది. కావున దుకాణదారుని నిందించి మనము చేతులు కడుగుకొనుటకు వీలు లేదు. మన యింటి కుండీయే పెద్ద కుండీ.

అయినచో చేయవలసినదేమి? కుండీలోనిది తీసికొనుట నేరము కాదని యొప్పుకొనుట మొదటి మెట్టు మాత్రమే. "నీవు చెత్తలో నేరుకొని తినవచ్చును, మేము పట్టము" అనుట దయ కాదు. మనుష్యుడు కుండీలో చేయి పెట్టవలసిన యవసరము లేకుండ జేయుట ధర్మము. పరిగెలో రహస్యమిదియే. రైతు గింజను చెత్తలో వేయడు, పొలమున విడుచును. విడుచుట వేఱు, పారవేయుట వేఱు. విడిచినదానిని తీసికొనువాడు తల యెత్తుకొని తీసికొనును. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము బియ్యమును బీదవాని హక్కుగ జేసినది. 2019లో మన ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ, మిగిలిన యాహారమును సేకరించి పంచుటకు నియమములు చేసినది. దుకాణదారులును, ఫంక్షన్ హాళ్లవారును మిగులును రాత్రి కుండీకి పంపుటకు బదులు సాయంకాలమే వేఱుగ నుంచి, పంచువారికి కబురు చేసినచో, ఫినాయిలు ఖర్చు కూడ మిగులును.

ప్రియ విద్యార్థులారా, మీలో అధికసంఖ్యాకులు నేరమే యని చేతులెత్తితిరి. మిమ్ము నేను తప్పుపట్టుట లేదు. పరుని సొత్తును ముట్టరాదని మేము నేర్పినది మీ మనస్సున నాటుకొనియున్నది, అది మంచిదే. కాని మేము నేర్పవలసినది సగమే నేర్పితిమి. పరుని సొత్తును గౌరవింపుడని చెప్పితిమి. పరుని యాకలిని గౌరవింపుడని చెప్పలేదు. ఈ సంవత్సరమునుండి మన విద్యార్థి వసతిగృహమున నొక యేర్పాటు చేయవలెనని నేను ప్రధానోపాధ్యాయులను కోరుచున్నాను. వడ్డనకు ముందు భోజనము చేయువారి లెక్క చూచి వండవలెను. వడ్డింపక మిగిలిన శుభ్రమైన యన్నమును పళ్లెములలోని యెంగిలితో కలుపక వేఱుగ మూతపెట్టి, ఆ పూటకే వలసినవారికి చేర్పవలెను. ఎవరెవరు ఎంత పారవేసిరో వారమునకొకసారి తూచి, గోడపై వ్రాయవలెను. మీ యిండ్లలోను ఈ తూనికను మీరే మొదలుపెట్టుడు.

ఈ యేటి చర్చాసభలో ఈ ప్రశ్నను మరల వేయింపుడు. చేతులెత్తుటకు ముందు, ఆ స్త్రీ ప్రక్కన నిలిచిన బాలుని తలచుకొనుడు. తల్లిని దొంగయనుట వాడు వినెను. చదువుకొన్న సారు నిలుచుండి చూచుట వాడు కనెను. నాడు నేను చెప్పదగిన మాట చాల చిన్నది: "ఆమెను విడువుము, అది నీవు వద్దనుకొన్నదే గదా." అది చెప్పుటకు బస్సు రెండు నిమిషములు ఆలస్యమైనను సరిపోయెడిది. అట్టి సమయము మీకు తటస్థించినపుడు, మీరు బస్సు తప్పిపోయినను సరే, ఆ మాట చెప్పుడు.